టామీ జాన్ అంటే ఆపరేషన్ పేరు కాదు

మా అబ్బాయికి పదమూడేళ్లు. మేముండేది న్యూజెర్సీలో. వాడు బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. మొన్న ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున్న వాణ్ని సాధనకు తీసుకెళ్లి, చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని వలకు ఇవతల నిలబడ్డాను. కాసేపటికి ఒక సంగతి గమనించాను. బంతి చేయి వదలగానే వాడి చూపు, బంతి అందుకునే క్యాచర్ తొడుగు మీద నిలవడం లేదు. క్యాచర్ వెనక నిలబడ్డ కోచ్ చేతిలోని రాడార్ గన్ మీదికి పోతోంది. తుపాకీలా ఉండే ఆ పరికరం బంతి వేగం గంటకు ఎన్ని మైళ్లో కొలిచి అంకె చూపిస్తుంది. "అరవై ఆరు" అని కోచ్ అరిచాడు. ఆ బంతి, క్యాచర్ తొడుగు కదపనక్కర లేకుండా, సరిగ్గా అందులో పడింది. అయినా మా వాడి భుజాలు జారిపోయాయి. తర్వాతి బంతి క్యాచర్ తల మీదుగా పోయి వలకు తగిలింది. "అరవై తొమ్మిది!" చుట్టూ ఉన్న పిల్లలు కేకలు పెట్టారు. మా వాడి మొహం చేటంత అయింది.

గురి కుదిరిన బంతికి మౌనం, గురి తప్పిన బంతికి చప్పట్లు. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి భోజనాల దగ్గర పాల క్యాను అందుకోబోయి వాడు కుడిచేయి వెనక్కి తీసుకున్నాడు. ఎడమ చేత్తో ఎత్తాడు. "ఏమైంది నాన్నా?" అంటే "ఏమీ లేదు" అన్నాడు. మోచేయి లోపలి వైపు వేలితో నొక్కి చూస్తే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నెల రోజులుగా నొప్పి ఉందట. చెబితే జట్టులోంచి తీసేస్తారేమోనని దాచాడట. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఎముక ఇంకా ఎదుగుతున్న చోట వాపు వచ్చిందని, ఎముకలను కలిపి ఉంచే పట్టీ లాంటి లిగమెంటు బాగానే ఉందని, మూడు నెలలు బంతి ముట్టుకోకూడదని ఆయన చెప్పారు. మా ఆవిడ అక్కడే చేతులెత్తి దండం పెట్టుకుంది.

నన్ను కుదిపేసిన మాట మాత్రం అంతకు ముందే, బయట కుర్చీల్లో కూర్చున్నప్పుడు విన్నాను. పక్కన ఒక తండ్రి ఉన్నాడు. ఆయన కొడుకుకు పదహారేళ్లు, వచ్చే వారం "టామీ జాన్", అంటే మోచేతిలో తెగిన లిగమెంటుకు చేసే ఆపరేషన్, చేయిస్తున్నారు. నేను జాలిగా మొహం పెట్టబోతుంటే ఆయనే నన్ను ఓదార్చాడు. "ఫరవాలేదండీ, ఇది అయ్యాక ఇంకా వేగంగా వేస్తారట" అన్నాడు. పాత టైరు తీసి కొత్తది వేయిస్తున్నంత నిబ్బరంగా అన్నాడు.

తిరిగి వస్తుంటే కారులో మా వాడు అడిగాడు: "టామీ జాన్ అంటే ఎవరు నాన్నా? ఆ ఆపరేషన్ కనిపెట్టిన డాక్టరా?"

రెండేళ్లుగా పిచ్చర్‌గా ఆడుతున్న పిల్లవాడు, ఆ ఆపరేషన్ పేరు రోజూ వినే పిల్లవాడు, ఆ పేరు గల మనిషి ఎవరో ఎరగడు. ఇందులో వాడి తప్పు లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి ఆడిన ఆటను మరిచిపోయి, ఆయన మోచేతికి జరిగిన చికిత్సను మాత్రం గుర్తుపెట్టుకోవడమే ఇవాళ పిల్లల చేతులను పాడుచేస్తున్న పెద్ద రోగమని నేను నమ్ముతున్నాను. ఎందుకో చెబుతాను.

ముందు, బేస్‌బాల్‌తో పరిచయం లేనివారి కోసం ఒక మాట. నేను బాపట్లలో క్రికెట్ ఆడుతూ పెరిగినవాణ్ని. క్రికెట్‌లో బౌలరు మోచేయి పదిహేను డిగ్రీలకు మించి చాచకూడదు. పరుగెత్తుకొచ్చి, చేయి నిటారుగా తిప్పి బంతి వదలాలి. అందుకే మన ఫాస్ట్ బౌలర్లకు నడుము పోతుంది, మోకాలు పోతుంది, చీలమండ పోతుంది. బేస్‌బాల్ పిచ్చర్‌కు పరుగు లేదు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, అరవై అడుగుల ఆరంగుళాల దూరంలో, బ్యాటరు పక్కన నేలలో అమర్చిన పళ్లెం మీదికి బంతి విసరాలి. కాళ్లలో, నడుములో, వీపులో పుట్టించిన బలమంతా భుజంలోకి వచ్చి, అక్కడి నుంచి వంగిన మోచేయి గుండా కొరడాలా దూసుకుపోతుంది. ఆ క్షణంలో మోచేయి లోపలి వైపు ఎముకను ఎముకకు కట్టి ఉంచేది చిటికెనవేలంత లిగమెంటు. గట్టిగా విసిరిన ప్రతి బంతికీ అది తన ఓపిక అంచుదాకా సాగుతుంది. చుట్టూ ఉన్న కండరాలు భారం పంచుకోబట్టి నిలుస్తుంది. కండరాలు అలిసిపోయిన రోజు ఆ భారమంతా దాని మీదే పడుతుంది.

1974కు ముందు అది తెగితే పిచ్చర్ కథ ముగిసినట్లే. చేయి "చచ్చిపోయింది" అనేవారు. ఎందుకు చచ్చిపోయిందో చెప్పగలిగినవారు చాలా తక్కువ.

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టులో శాండీ కోఫాక్స్ అనే ఎడమచేతి పిచ్చర్ ఉండేవాడు. ఆయన గొప్పతనం గురించి అమెరికాలో రెండో అభిప్రాయం లేదు. 1965లో ఒక్క సీజన్లో 382 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతిని సరిగ్గా కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఒక ఆటలో ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ (పరుగు కోసం బ్యాటరు చేరాల్సిన చోటు) మీదికి రానివ్వలేదు. మోచేతిలో కీళ్లవాతం. ఇంజెక్షన్లు, ఒళ్లు మండే లేపనం, ఆట అయ్యాక మంచునీళ్ల తొట్టిలో చేయి. 1966లో 27 విజయాలు సాధించాడు (జట్టు గెలిచిన ఆటను ఒక పిచ్చర్ ఖాతాలో విజయంగా రాస్తారు). ఆ నవంబరులో, ముప్పై ఏళ్ల వయసులో, ఇక ఆడనని ప్రకటించాడు. మిగతా జీవితమంతా ఆ చేత్తో బతకాలి కదా అన్నది ఆయన లెక్క. ఆటలో శిఖరం మీద ఉన్న మనిషి తన చేయి తనకు కావాలని దిగిపోయాడు. ఆ నిర్ణయం మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

అదే జట్టు. అదే ఎడమచేయి. ఎనిమిదేళ్ల తర్వాత, 1974 జులై 17న, డాడ్జర్ స్టేడియంలో మాంట్రియల్ జట్టు మీద ఆట. మూడో ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో ఒక ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్). ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. మట్టిదిబ్బ మీద ఉన్నది టామీ జాన్. ఇండియానా రాష్ట్రంలోని టెర హోట్‌లో 1943లో పుట్టి, ఇరవై ఏళ్లకే క్లీవ్‌లాండ్ తరఫున పెద్ద లీగులో, అంటే మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో, అడుగుపెట్టి, షికాగో వైట్ సాక్స్‌కు ఏడేళ్లు ఆడి, డాడ్జర్స్‌కు వచ్చినవాడు. ఆ సీజన్లో అప్పటికి 13 గెలిచి 3 మాత్రమే ఓడాడు. నేల మీద దొర్లే దెబ్బ కొట్టించి ఇద్దరినీ ఒకేసారి అవుట్ చేయాలని చివర్లో కిందికి దిగే సింకర్ వేశాడు. మోచేయి లోపల ఏదో జరిగింది. ఇంకొకటి వేసి చూశాడు. చేతిలో పట్టు లేదు. తనంతట తానే దిబ్బ దిగి నడిచి వెళ్లిపోయాడు.

ఆ జట్టు వైద్యుడు ఫ్రాంక్ జోబ్. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వైద్య విభాగంలో పనిచేసిన మనిషి. చాలా వారాల విశ్రాంతి తర్వాత కూడా చేయి బాగుపడకపోయేసరికి ఎవరూ చేయని పని ఒకటి ప్రతిపాదించాడు. జాన్ కుడి ముంజేతిలోంచి, కండరాన్ని ఎముకకు కట్టే ఒక స్నాయువు తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, వాటిలోంచి ఆ స్నాయువును ఎనిమిది అంకె ఆకారంలో దూర్చి, తెగిన లిగమెంటు స్థానంలో కట్టడం. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక వంతు అని చెప్పాడు. సెప్టెంబరు 25న ఆపరేషన్ జరిగింది. నరం దెబ్బతిని వేళ్లు ముడుచుకుపోయాయి. డిసెంబరులో మళ్లీ కోయాల్సి వచ్చింది. ఆ చేత్తో బంతి పట్టుకోవడమే గగనమైంది. 1975 సీజన్ మొత్తం పోయింది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. సాధారణంగా ఇక్కడే ఆపేసి, "వైద్యశాస్త్రం అద్భుతం" అని ముగిస్తారు. నాకు అసలు కథ ఇక్కడ మొదలైందని అనిపిస్తుంది.

జాన్ 1976 ఏప్రిల్‌లో అట్లాంటా జట్టు మీద మళ్లీ దిబ్బ ఎక్కాడు. ఆ రోజు ఓడిపోయాడు. ఏడాది చివరికి 10 విజయాలు, 10 ఓటములు, 207 ఇన్నింగ్స్. మరుసటి ఏడు 20 విజయాలు. గాయానికి ముందు పన్నెండు సీజన్లలో మంచి చేయితో ఎన్నడూ సాధించని ఇరవై, అతుకు వేసిన చేయితో సాధించాడు. న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లి 1979లో 21, 1980లో 22 గెలిచాడు. తర్వాత ఏంజెల్స్, ఓక్లాండ్, మళ్లీ యాంకీస్. 1989లో, నలభై ఆరేళ్ల వయసులో, ఆపేశాడు. ఇరవై ఆరు సీజన్లు. మొత్తం 288 విజయాలు. అందులో 124 ఆపరేషన్‌కు ముందువి, 164 తర్వాతవి. మొత్తం 4,710 ఇన్నింగ్స్. ఇవాళ ఒక సీజన్లో రెండు వందల ఇన్నింగ్స్ వేసే పిచ్చర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలాంటి సీజన్లు ఇరవై నాలుగు వేస్తే గానీ ఆయన లెక్కకు చేరరు.

మరి ఆయన వేసిన బంతి ఎలాంటిది? వేగమైనది కాదు. ఆపరేషన్‌కు ముందూ కాదు, తర్వాతా కాదు. ఆయన ఆయుధం సింకర్. బ్యాటరు దగ్గరికి వచ్చేదాకా మామూలు బంతిలా కనిపించి, చివరి క్షణంలో కాస్త కిందికి దిగుతుంది. అప్పటికే బ్యాటు కదిలిపోయి ఉంటుంది కాబట్టి బంతి పైభాగానికి తగులుతుంది. బంతి నేలకు కొట్టుకుని దొర్లుతుంది. వెనక ఉన్న ఫీల్డరు ఏరుకుని విసురుతాడు. అవుట్. చూడటానికి ఇందులో ఆర్భాటం లేదు. ఇరవై ఆరేళ్లలో ఆయన చేసిన స్ట్రైకవుట్లు 2,245, అంటే రెండు ఇన్నింగ్స్‌కు ఒకటి కూడా సరిగ్గా లేదు. మిగతా వాళ్లందరినీ వాళ్ల చేతే తప్పు కొట్టించి పంపాడు. బంతిని మోకాళ్ల ఎత్తున, పళ్లెం అంచున, రోజూ, ఏళ్ల తరబడి పెట్టగలగడం ఆయన విద్య.

కోలుకునే రోజుల్లో ఆయనకు సాయపడినవాళ్లలో జట్టు సహచరుడు మైక్ మార్షల్ ఒకడు. 1974లో ఒక్క సీజన్లో 106 ఆటల్లో బంతి వేసి, ఆ ఏటి ఉత్తమ పిచ్చర్‌గా సై యంగ్ అవార్డు అందుకున్నవాడు, శరీర కదలికల శాస్త్రం చదివినవాడు. కాలు, నడుము మెలితిప్పకుండా నేరుగా పళ్లెం వైపు అడుగు వేసి విసరడం జాన్‌కు నేర్పాడు. ముప్పై రెండేళ్ల వయసులో, పన్నెండేళ్లు పెద్ద లీగులో ఆడినవాడు, బంతి విసరడం మళ్లీ అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టాడు. జోబ్ ఆయనకు లిగమెంటు ఇచ్చాడు. దానితో పదమూడేళ్లు ఎలా బతకాలో జాన్ నేర్చుకున్నాడు. పిల్లలకు చెప్పాల్సింది ఈ రెండో సగం. మనం చెబుతున్నది మొదటి సగం.

ఇంత చేసిన మనిషి కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ మహామహుల కోసం కట్టిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు. పోయిన వేసవిలో కుటుంబమంతా కలిసి అక్కడికి వెళ్లాం. గోడల మీద వరసగా కంచు ఫలకాలు. కోఫాక్స్ ఉన్నాడు, 165 విజయాలతో. ఉండవలసినవాడే, ఆ శిఖరం అలాంటిది. జాన్‌తో సమానమైన సుదీర్ఘ ప్రయాణం చేసిన జిమ్ కాట్ ఉన్నాడు, 283 విజయాలతో, 2022లో చేర్చారు. 288 విజయాల టామీ జాన్ మాత్రం లేడు. విలేకరుల ఓటింగులో పదిహేనేళ్లు ఆయన పేరు ఉంది. 75 శాతం రావాలి. చివరి ఏడు, 2009లో, 31.7 శాతం వచ్చింది. అదే ఆయనకు వచ్చిన అత్యధికం. ఆపరేషన్ చేసిన ఫ్రాంక్ జోబ్‌ను 2013లో అక్కడే వేదిక మీద సత్కరించారు. అది న్యాయమే. కానీ ఆ చేయిని దిబ్బ మీదికి తీసుకెళ్లి, వందల ఆటలు ఆడి, ఆ ఆపరేషన్ పనిచేస్తుందని లోకానికి నిరూపించినవాణ్ని బయట నిలబెట్టడం ఏమి న్యాయం?

ఇంకో సంగతి నన్ను మరీ బాధిస్తుంది. 1971 డిసెంబరులో డిక్ ఆలెన్ అనే గొప్ప బ్యాటర్‌ను వైట్ సాక్స్‌కు ఇచ్చి డాడ్జర్స్ టామీ జాన్‌ను తెచ్చుకున్నారు. 2024 డిసెంబరులో హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ ముందుకు ఆ ఇద్దరి పేర్లూ ఒకే జాబితాలో వచ్చాయి. పదహారు ఓట్లలో పన్నెండు కావాలి. ఆలెన్ గెలిచాడు, ఆయన చనిపోయిన నాలుగేళ్లకు. జాన్‌కు ఏడు ఓట్లు వచ్చాయి. ఎనభై ఒకటేళ్ల మనిషి ఆ కబురు విన్నాడు.

ఆయన్ను కాదనేవారి వాదన తెలుసు. ఎక్కువ కాలం ఆడాడు కాబట్టి అంకెలు పెరిగాయి, ఏ ఒక్క ఏడాదీ ఆయనే అందరికన్నా గొప్ప కాదు, సై యంగ్ అవార్డు ఒక్కసారీ రాలేదు, 300 విజయాలకు పన్నెండు తక్కువ అంటారు. పన్నెండు తక్కువ అనడం నాకు మింగుడుపడదు. ఏడాదిన్నర ఆట పోయిన మనిషి, మంచి ఊపులో ఉండగా పోగొట్టుకున్న మనిషి. ఆ పన్నెండు ఎక్కడికి పోయాయో ఆయన మోచేతి మీది మచ్చ చెబుతుంది. ఇక ఎక్కువ కాలం ఆడటం గొప్ప కాదనే మాటకు వస్తే, పిచ్చర్‌కు అంతకన్నా కష్టమైన పని ఏముంది? ప్రతి బంతితోనూ తన శరీరాన్ని తానే అరగదీసుకునే వృత్తి అది. ఆ వృత్తిలో ఇరవై ఆరేళ్లు నిలవడం నేర్పు కాకపోతే ఇంకేమిటి?

ఇది ఎవరో పెద్దాయన ఫలకం గురించిన తగాదా మాత్రమే అయితే నేను ఇంత రాసేవాణ్ని కాదు. ఒక ఆట దేన్ని గోడకెక్కిస్తుందో దాన్నే కోచ్‌లు నేర్పుతారు, తండ్రులు కోరుకుంటారు, పిల్లలు కలగంటారు. హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లూ, రాడార్ గన్ పట్టుకున్న మా ఊరి కోచూ చూస్తున్నది ఒకే చోటికి. శిఖరం ఎంత ఎత్తు, అంకె ఎంత పెద్ద? ఎన్నాళ్లు, ఎలా అన్న ప్రశ్నలు ఇద్దరికీ లేవు.

పెద్ద లీగులో సగటు ఫాస్ట్‌బాల్ వేగం 2008లో గంటకు 91.3 మైళ్లు, 2024లో 94.2 మైళ్లు. ఆ లీగే 2024 చివర్లో పిచ్చర్ల గాయాల మీద ఒక నివేదిక వెలువరించింది. వేగం కోసం తాపత్రయం, ప్రతి బంతికీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టడం గాయాలకు ముఖ్య కారణాలని అందులో ఒప్పుకుంది. పిల్లల సంగతి ఇంకా ఘోరం. 2007 నుంచి 2011 దాకా బీమా రికార్డులు పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్లవారే. 2012లో వచ్చిన ఇంకో సర్వేలో హైస్కూలు ఆటగాళ్లు దాదాపు సగం మంది, గాయం లేకపోయినా ఆట మెరుగుపడటానికి ఈ ఆపరేషన్ చేయించుకోవచ్చని అన్నారు. నా పక్క కుర్చీలో కూర్చున్న తండ్రి ఒంటరివాడు కాదు. తన పేరు పిల్లల ఆపరేషన్‌కు అతుక్కుపోవడం టామీ జాన్‌కే ఇష్టం లేదు. ఆ మాట ఆయన బహిరంగంగానే చెప్పాడు.

వేగం పనిచేయదని నేను అనడం లేదు. పనిచేస్తుంది. బంతి ఎంత వేగంగా వస్తే బ్యాటరుకు ఆలోచించే సమయం అంత తగ్గుతుంది. జట్ల యజమానులు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్లకు మూడేళ్లు మెరుపులా వేసి చేయి పోగొట్టుకున్న పిచ్చర్ కూడా లాభమే, ఆ స్థానంలోకి ఇంకొకడు వస్తాడు. ఆ మూడేళ్ల తర్వాత ఆ చేయి ఎవరింట్లో ఉంటుంది అన్నది నా ప్రశ్న. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2010 జూన్‌లో తన మొదటి ఆటలోనే 14 మందిని స్ట్రైకవుట్ చేశాడు. దేశమంతా ఊగిపోయింది. ఆగస్టులో లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి, లీగు విజేతను తేల్చే 2019 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఏడేళ్లకు 245 మిలియన్ డాలర్ల ఒప్పందం వచ్చింది. ఆ ఒప్పందం కింద ఆయన ఆడగలిగినవి ఎనిమిది ఆటలు. ముప్పై అయిదేళ్లకు ఆట వదిలేశాడు.

మన దేశంతోనూ ఈ కథకు ముడి ఉంది. 2008లో భారతదేశంలో మిలియన్ డాలర్ ఆర్మ్ పేరుతో ఒక పోటీ పెట్టి, ఊరూరా తిరిగి, రాడార్ గన్‌తో కుర్రాళ్ల చేతుల వేగం కొలిచారు. ఉత్తరప్రదేశ్ నుంచి ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు, రింకూ సింగ్, దినేశ్ పటేల్, అలా ఎంపికై పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. బేస్‌బాల్ తొడుగు ఎన్నడూ వేసుకోని పిల్లలు ఏడాదిలో అమెరికా చేరడం గొప్ప సాహసమే, వాళ్ల ధైర్యానికి నా నమస్కారం. కానీ, గురి కూడా చూసినా, వాళ్లను తూచిన తక్కెడలో ముందున్నది వేగమే. దినేశ్ రెండేళ్లలో ఇంటికి వచ్చేశాడు. రింకూ పట్టుదలగా నిలబడ్డాడు, చిన్న లీగుల్లో ఒక్కో మెట్టూ ఎక్కాడు. గాయాలతో వరసగా మూడు సీజన్లు పోయాయి. చివరికి బేస్‌బాల్ వదిలి కుస్తీ రంగంలోకి వెళ్లాడు.

నోలన్ రయన్ పేరు ఎత్తకుండా ఈ వాదన ముగిస్తే అది నిజాయితీ కాదు. గంటకు వంద మైళ్లు దాటినట్లు 1974లోనే కొలిచిన చేయి ఆయనది. 27 సీజన్లు ఆడాడు. 5,714 స్ట్రైకవుట్లు, ఆ రికార్డు దరిదాపుల్లోకి ఎవరూ రాలేదు. వేగంతోనే ఆయన అన్నేళ్లు నిలిచాడు కదా అని మా వాడి కోచ్ నాతో అన్నాడు. నిజమే, నిలిచాడు. ఆయన శరీరం కోటికి ఒకటి. 1993 సెప్టెంబరులో, నలభై ఆరేళ్ల వయసులో, ఆయన్ను చివరికి ఆట నుంచి దింపింది కూడా ఆ లిగమెంటే. రయన్‌ను చూసి పిల్లలందరికీ ఆ దారి చూపించడమంటే, నూరేళ్లు చుట్ట కాల్చిన తాతను చూపించి అందరినీ కాల్చమనడమే. గ్రెగ్ మాడక్స్ 23 సీజన్లు ఆడి 355 గెలిచాడు. ఆయన ఫాస్ట్‌బాల్ వేగం ఎక్కువగా తొంభై మైళ్లలోపే. టామీ జాన్ ఆపరేషన్ అవసరమే రాలేదు. పదమూడేళ్ల పిల్లవాడికి అనుకరించదగిన మనిషిని వెతకాలంటే నేను మాడక్స్ వైపు, జాన్ వైపు చూపిస్తాను.

పెద్ద లీగూ, జాతీయ బేస్‌బాల్ సంస్థా కలిసి 2014లో పిల్లల కోసం నియమాలు ప్రకటించాయి. 13, 14 ఏళ్లవారు రోజుకు 95 బంతులు దాటకూడదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు చేతికి విశ్రాంతి. ఏడాదిలో నాలుగు నెలలు బంతి పక్కన పెట్టాలి. మంచి నియమాలే. అయితే మా వాడు శనివారం ఒక జట్టుకు, ఆదివారం ఇంకో జట్టుకు ఆడాడు. రెండు జట్లూ తమ తమ లెక్క సరిగ్గానే రాసుకున్నాయి. రెండు లెక్కలూ కలిపి చూడవలసినవాణ్ని నేను. చూడలేదు. ఆ తప్పు నాదే, వాడి చేయి వాచేదాకా నాకు తట్టలేదు.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన ఆ రాత్రి వాణ్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. "ఎడమచేయి చాపు. బొటనవేలూ చిటికెనవేలూ కలుపు. ఇప్పుడు మణికట్టు కొంచెం లోపలికి వంచు" అన్నాను. మణికట్టు నడుమ చర్మం కింద సన్నని తాడులా ఒకటి లేచింది. "ఇదే. టామీ జాన్ కుడిచేతిలోంచి తీసి ఎడమ మోచేతిలో కట్టింది ఇదే" అన్నాను. వాడు దాన్ని వేలితో మీటి చూశాడు. తర్వాత నా చేయి అందుకుని నాకూ వంచి చూశాడు. నాకు కుడిచేతికి ఉంది, ఎడమచేతికి లేదు. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా ఏ పనీ ఆగదు, అందుకే డాక్టర్లు దాన్ని తీసుకోగలుగుతారు. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి ఇది కూడా తెగితే?" అన్నాడు.

"అందుకే ఆయన బంతి విసరడం మళ్లీ నేర్చుకున్నాడు" అని, సింకర్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ వచ్చి పడుకోమనేదాకా వింటూనే ఉన్నాడు.

వేసవి అంతా వాడు బంతి ముట్టుకోలేదు. ఆగస్టు చివర్లో డాక్టరు సరేనన్నారు. ఇంటి వెనక గడ్డిలో ముప్పై అడుగులు కొలిచి, నేను గొంతుక్కూర్చుని తొడుగు మోకాలి ఎత్తున పట్టుకున్నాను. ఇరవై బంతులు, సగం బలంతో. మొదటివి అటూ ఇటూ పోయాయి. పన్నెండోదో పదమూడోదో వచ్చి తొడుగు నడిమధ్యలో చప్పుడు చేస్తూ పడింది. వాడు అక్కడే నిలబడి అనుమానంగా చూశాడు.

"నాన్నా, తొడుగు కదిపావా?"

"లేదు."

"నిజంగా?"

"నిజంగా. ఇంకొకటి వెయ్యి."